గోదాములకూ రేషన్

రెండో ప్రపంచయుద్ధం మొదలవడానికి వారం ముందే, 1939 ఆగస్టులో, బ్రిటన్ పార్లమెంటు అత్యవసర అధికారాల చట్టం చేసింది. దాని కింద వచ్చిన 51వ నిబంధన ప్రకారం ప్రభుత్వం ఏ స్థలాన్నయినా, ఏ భవనాన్నయినా స్వాధీనం చేసుకోవచ్చు. యజమాని ఒప్పుకోవలసిన పని లేదు. అతనికి దక్కే పరిహారం సంగతి వేరే చట్టం చూసుకుంటుంది.

అధికారానికి కొదవ లేదు. అది చాలా చేతుల్లో ఉండటమే తంటా అయింది. సరఫరా శాఖ, విమానాల తయారీ శాఖ, నౌకాదళం, ఆహార శాఖ దేనికది కట్టడాల కోసం వెతుక్కునేవి. 1940 చివర్లో బాంబుదాడులు ముమ్మరమయ్యాక పోటీ మరీ పెరిగింది. కూలిన ఫ్యాక్టరీలకు వేరే చోటు చూడాలి. రేవుల్లో పోగుపడిన సరుకును లోపలి ఊళ్లకు తరలించాలి. అందుకే 1941లో వాణిజ్య వ్యవహారాలు చూసే బోర్డ్ ఆఫ్ ట్రేడ్ కింద ఫ్యాక్టరీలు, గోదాముల నియంత్రణ విభాగం పెట్టి, సెసిల్ వీర్ అనే గ్లాస్గో వ్యాపారికి అప్పగించారు. ఎక్కడ ఎంత చోటుందో రాసిపెట్టడం, ఎవరికేది ఇవ్వాలో తేల్చడం దాని పని.

జాబితా రాసినంత మాత్రాన చోటు పుట్టుకు రాదు. అప్పటికే పౌరుల సరుకుల ఉత్పత్తికి కోత పడి, చాలా మిల్లులు సగం సామర్థ్యంతోనే నడుస్తున్నాయి. నాలుగు ఫ్యాక్టరీలు అరకొరగా నడిచే బదులు రెండు నిండుగా నడిస్తే మిగతా రెండూ ఖాళీ అవుతాయి. 1941 మార్చిలో బోర్డు అధ్యక్షుడు ఆలివర్ లిటిల్టన్ ప్రకటించిన 'ఉత్పత్తి కేంద్రీకరణ' సారం ఇదే. ఎవరు ఎవరితో కలవాలో మొదట కంపెనీలనే తేల్చుకోమన్నారు. కుదరకపోతే ప్రభుత్వం జోక్యం చేసుకుంటుంది. ఆ తెలివే పథకాన్ని నడిపించిందనాలి. నడిచే ఫ్యాక్టరీకి ముడిసరుకు, కూలీల విషయంలో రక్షణ దొరికేది. దాని షెడ్డు జోలికీ ఎవరూ రారు. మూతపడిన కంపెనీ పేరు, ఖాతాదారులు పోకుండా దాని వాటా సరుకును నడిచే కంపెనీయే తయారుచేసి ఇచ్చేది.

పింగాణీకి పేరుపడ్డ స్టోక్-ఆన్-ట్రెంట్‌లో కొన్ని కార్ఖానాలు మూసి గోదాములుగా మార్చారు. 1942 నుంచి దేశంలో అమ్మే పాత్రల మీద రంగులు, పూలు నిషేధం. తెల్లటి కప్పులే, వాటిలో కొన్నింటికి పిడి కూడా ఉండేది కాదు. రంగుల పాత్రలు ఎగుమతికి మాత్రమే. కిడర్‌మిన్‌స్టర్ తివాచీ మిల్లుల్లో యుద్ధసామగ్రి తయారైంది. లాంకషైర్‌లో మూతపడిన నూలు మిల్లులూ గోదాములయ్యాయి.

యుద్ధం ముగిశాక కూడా చోటు మీద పట్టును ప్రభుత్వం ఒక్కసారిగా వదిలెయ్యలేదు. 1945 నాటి పరిశ్రమల పంపిణీ చట్టంతో, నిరుద్యోగం ఎక్కువున్న ప్రాంతాల్లో ఫ్యాక్టరీలు కట్టే అధికారం బోర్డుకు వచ్చింది. వేల్స్‌లోని బ్రిడ్జెండ్ ఆయుధ కర్మాగారం పారిశ్రామికవాడగా మారింది.