పదేళ్ల శిక్షలో ఏడేళ్లు ఎవరు కొట్టేయగలరు?

2015 నవంబరు 17న చిత్తూరు కార్పొరేషన్ ఆఫీసులోనే మేయర్ కటారి అనూరాధ దంపతులపై దాడి జరిగింది. ఇద్దరూ చనిపోయారు. దాదాపు పదేళ్లకు, 2025 అక్టోబరులో చిత్తూరు కోర్టు అయిదుగురికి ఉరిశిక్ష వేసింది. ఇలాంటి తీర్పు వచ్చినప్పుడల్లా టీ కొట్టు దగ్గర ఎవరో ఒకరు అనే మాట: "ఏముండాది లేబ్బా, రేపు రాష్ట్రపతికి అర్జీ పెట్టుకుంటే సరిపాయె!"

అంత సులువేం కాదు. ఉరిశిక్షను ముందు హైకోర్టు ఖరారు చేయాలి, దానిపైన సుప్రీంకోర్టు ఉంది. అర్జీ మాట ఆ తర్వాత. క్షమించే అధికారం రాష్ట్రపతికి రాజ్యాంగం 72వ అధికరణం నుంచి, గవర్నర్‌కు 161 నుంచి వస్తుంది.

రాష్ట్రపతి మనసు కరిగితే చాలదా? చాలదు. మంత్రివర్గం సలహా ప్రకారమే నడవాలని 1980లో మారూరాం కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. నచ్చకపోతే ఫైలును ఒకసారి వెనక్కి పంపవచ్చు. మళ్లీ అదే సలహా వస్తే సంతకం పెట్టాల్సిందే. గవర్నర్‌దీ ఇంచుమించు ఇదే కథ.

అయితే మంత్రివర్గమే తనవాణ్ని విడిపించాలనుకుంటే? అసలు చిక్కు ఇక్కడుంది. దీనికి జవాబు మన సీమ నుంచే, కర్నూలు జిల్లా నుంచే వచ్చింది.

1995 అక్టోబరు 19న అక్కడ ఇద్దరు తెలుగుదేశం కార్యకర్తలు హత్యకు గురయ్యారు. ఆ కేసులో కాంగ్రెస్ నాయకుడు గౌరు వెంకటరెడ్డికి 2003లో సుప్రీంకోర్టు పదేళ్ల కఠిన శిక్ష ఖాయం చేసింది. మరుసటి ఏడు ఆయన పార్టీ అధికారంలోకి వచ్చింది, ఆయన భార్య ఎమ్మెల్యే అయ్యారు. భర్తకు క్షమాభిక్ష కోరుతూ ఆమే అర్జీ పెట్టారు. 2005 ఆగస్టు 11న జీవో 170 వెలువడింది: మిగిలిన శిక్ష, సుమారు ఏడేళ్లు, రెమిషన్. రెమిషన్ అంటే నేరం చేశాడన్న తీర్పు చెరగదు, జైల్లో ఉండాల్సిన కాలం మాత్రం తగ్గుతుంది. ఎంత తగ్గిందో ఇలా చూడండి: ఒకటో తరగతిలో చేరిన పిల్లవాడికి మూడో తరగతి కాగానే పదో తరగతి సర్టిఫికెట్ చేతిలో పెట్టినట్టు!

హతుల్లో ఒకరి కొడుకు ఏపూరు సుధాకర్ సుప్రీంకోర్టుకెక్కారు. ఫైలు తెరిచి చూస్తే, గవర్నర్ ముందుకెళ్లిన నివేదికల్లో ఒకదాంట్లో వెంకటరెడ్డి 'మంచి కాంగ్రెస్ కార్యకర్త' అని రాసి ఉంది. శిక్ష తగ్గించడానికి అదొక అర్హత! జీవో వచ్చిన సరిగ్గా 14 నెలలకు, 2006 అక్టోబరు 11న, జస్టిస్ అరిజిత్ పసాయత్, జస్టిస్ ఎస్.హెచ్. కపాడియా ఆ జీవోను కొట్టేశారు. హత్యలు జరిగి అప్పటికి పదకొండేళ్లకు ఎనిమిది రోజులు తక్కువ.

కోర్టు క్షమాభిక్షనూ రద్దు చేయగలదా అంటే, దయ తగునా తగదా అన్నది కోర్టు తూచదు. ఆ నిర్ణయానికి ఎలా వచ్చారన్నదే చూస్తుంది. బుర్ర పెట్టకుండా సంతకం పెట్టారా, దురుద్దేశం ఉందా, కులం, మతం, పార్టీ లాంటి సంబంధం లేని విషయాలు లెక్కలోకి తీసుకున్నారా, చూడాల్సిన కాగితాలు దాచారా, ఇష్టారాజ్యంగా చేశారా? వీటిలో ఒక్కటి తేలినా ఉత్తర్వు నిలవదు. కర్నూలు అర్జీని మాత్రం కోర్టు చంపేయలేదు. మళ్లీ పరిశీలించుకునే వీలు ప్రభుత్వానికి వదిలింది.

అమెరికా అధ్యక్షుడికి ఇలాంటి పగ్గాలు బాగా తక్కువ. మంత్రివర్గాన్ని అడగక్కర్లేదు. అభిశంసనను, రాష్ట్రాల చట్టాల కింది నేరాలను మాత్రం ఆయన ముట్టుకోలేడు.

చివరగా ఒక సందేహం: అర్జీని ఏళ్లకేళ్లు మూలన పడేస్తే? 2014 జనవరి 21న శత్రుఘ్న చౌహాన్ కేసులో సుప్రీంకోర్టు 15 మంది ఉరిశిక్షలను యావజ్జీవంగా మార్చింది. అందులో ఎక్కువమందికి కారణం ఈ జాప్యమే. అర్జీ తోసిపుచ్చిన సంగతి ఖైదీకి రాతపూర్వకంగా అందాలని, అందిన తర్వాత ఉరికి కనీసం 14 రోజుల గడువుండాలని కూడా చెప్పింది. ఇంటివాళ్లు వచ్చి చూసి వెళ్లడానికి, ఇంకా దారి ఉంటే లాయరు మళ్లీ కోర్టు తలుపు తట్టడానికి ఆ రెండు వారాలు.