పరిశోధన అంటే ల్యాబ్ ఒక్కటే కాదు

పరిశోధన అనగానే తెల్లకోటు, మైక్రోస్కోపు గుర్తొస్తాయి. హైదరాబాద్ చరిత్ర చూస్తే ఈ లెక్క కుదరదు.

1888లో డాక్టర్ ఎడ్వర్డ్ లారీ ఇక్కడ క్లోరోఫాం మీద ప్రయోగాలు చేయించారు. మత్తు ఇచ్చిన రోగి ఆపరేషన్ బల్ల మీదే చనిపోతే, ముందు ఆగింది గుండెనా, శ్వాసనా? 1889లో నిజాం సర్కారు ఖర్చుతో లండన్ నుంచి డాక్టర్ లాడర్ బ్రంటన్ కూడా వచ్చారు. వందలాది జంతువులపై పరీక్షించి, శ్వాసే ముందు ఆగుతుందని తేల్చారు. ఊపిరి చూసుకుంటే చాలన్నారు. అయితే 1911లో గుడ్‌మన్ లెవీ పిల్లులపై చేసిన ప్రయోగాలు వేరే మాట చెప్పాయి. తక్కువ మోతాదు క్లోరోఫాం కూడా గుండె లయను చెదరగొట్టి ప్రాణం తీయగలదట! అంత పెద్ద కమిషన్ మాటకూ దిద్దుబాటు తప్పలేదు.

అదే 1888లో మొదలైన దాయిరతుల్ మఆరిఫ్‌లో జంతువులూ లేవు, మందులూ లేవు. పాత అరబీ రాతప్రతులను పక్కపక్కన పెట్టి, తేడాలు పట్టి, సరైన పాఠం అచ్చువేయడమే పని. అల్ రాజీ వైద్య గ్రంథం అల్ హావీ, అల్ బిరూనీ ఖగోళ గ్రంథం ఖానూన్ అల్ మసూదీ అలా అచ్చులోకి వచ్చాయి. దీన్ని పరిశోధన కాదనడం అన్యాయమే.

నిజామియా వేధశాల ఆకాశాన్ని ఫోటోలు తీసి నక్షత్రాల స్థానాలు కొలిచింది. ఇక డబ్బు సంగతికొస్తే, 1996లో రిజర్వ్ బ్యాంకు ఇక్కడే పెట్టిన ఐడీఆర్‌బీటీ బ్యాంకింగ్ టెక్నాలజీ మీద పనిచేస్తోంది.