కుట్టుతో పుట్టే పడవ

అపార్టుమెంటులో పడవ కడతామంటే ఎవరైనా నవ్వుతారు. మావారూ మా అమ్మాయీ కయాక్ కిట్ తెప్పించినప్పుడు నేనూ నవ్వాను. విప్పి చూస్తే పలచటి ప్లైవుడ్ చెక్కలు, రాగితీగ చుట్ట, ఎపాక్సీ డబ్బాలు, గాజునార బట్ట. పూర్తయితే పదిహేడడుగులు. "ఇది కిందికెలా దిగుతుంది నాన్నా?" అని మా అమ్మాయి అడిగేదాకా లిఫ్టు సంగతి ఎవరికీ తట్టలేదు! అసోసియేషన్ వాళ్ళని బతిమాలి సెల్లార్‌లో ఓ మూల సంపాదించాం.

తీరా చూస్తే ఇది మన కుట్టుపనే. చెక్కల అంచుల వెంట సన్నని కన్నాలు వేసి, రెంటినీ చేర్చి రాగితీగతో టాకాలు వేయాలి. బల్లపరుపు చెక్కలు తీగ బిగిసేకొద్దీ ఒంపు తిరిగి పడవ ఆకారానికి వస్తాయి. లోపలి మూలల్లో చెక్కపొడి కలిపిన ఎపాక్సీ ముద్ద కూరి, గట్టిపడ్డాక తీగలు లాగేసి, పైన గాజునార బట్ట పరచి మళ్ళీ ఎపాక్సీ పూస్తారు. అంతా అయ్యాక బరువు ఇరవై కిలోలకు కాస్త అటూ ఇటూ.

ఈ పద్ధతికి 1960లలో ఇంగ్లండులో 'మిర్రర్' అనే చిన్న తెరచాప పడవతో పేరొచ్చింది. మన కోరమాండల్ తీరంలో మసూలా పడవల్ని అంతకు ఎంతో ముందునుంచే మేకుల్లేకుండా కొబ్బరితాళ్ళతో కుట్టేవారు. ఇక కయాక్ పుట్టిన ఉత్తరధ్రువ ప్రాంతంలో చట్రం మగవాళ్ళు కడితే, దానిమీద సీలు చర్మాన్ని నీరు చొరకుండా కుట్టేది ఇన్యూట్ ఆడవాళ్ళే. ఆ కుట్టు ఊడితే మంచునీళ్ళలో మనిషి దక్కడు. అయినా కయాక్‌ని మగవాడి పడవనే అంటారు!

నా పొరపాటూ చెప్పాలి. టాకాలు నావే కదా అని ఎపాక్సీ కూడా ఉత్తిచేతులతో ముట్టుకున్నాను. పదిరోజులు దద్దుర్లు. ఒకసారి ఒంటికి పడకుండా పోతే తర్వాత కాస్త తగిలినా మళ్ళీ వస్తుందన్నారు డాక్టరుగారు. గ్లౌజులు తప్పనిసరి. గరుకుకాగితం పట్టేటప్పుడు ఆ పొడి పీల్చకుండా మాస్కూ ఉండాలి. వంటింటి గిన్నెలు ఇటు రానివ్వకండి. మే నెల ఎండల్లో ఒకేసారి ఎక్కువ కలిపితే గిన్నెలోనే వేడెక్కి పొగలొస్తుంది. మాకు వచ్చింది.

దుర్గం చెరువు మాకు దగ్గరే. ఒకప్పుడు గోలకొండకి మంచినీళ్ళిచ్చిన చెరువది. 2020లో తీగల వంతెన వచ్చాక సాయంత్రాలు ఎంత సందడో! కానీ పక్కనే ఉంది కదా అని పడవ దించేయకూడదు. అనుమతి కనుక్కోవాలి, లైఫ్ జాకెట్ వేసుకోవాలి.

ఒక్కరే పట్టే పడవ. ముందెవరెక్కుతారంటే తండ్రీకూతుళ్ళిద్దరూ నావైపే చూశారు. నాకేమో ఈత రాదు. వార్నిష్ ఆరేలోగా వెళ్ళి ఈతకొలనులో చేరాను. ఇప్పటికి మెడలోతు దాకా వచ్చాను.