బేరియం అటక

గది వేడిమి దగ్గర బేరియం అయాన్ సెకనుకు 200 మీటర్లకు పైగా వేగంతో పరుగెడుతుంది. ఎదురుగా వచ్చిన ఒక నీలి ఫోటాన్‌ను మింగితే తగ్గేది సెకనుకు 6 మిల్లీమీటర్లు మాత్రమే. దాన్ని నిలబెట్టాలంటే అలాంటి తాకిళ్లు దాదాపు 40,000 కావాలి.

1975లో ఈ పని లేజర్‌తో చేయవచ్చని రెండు శాస్త్రవేత్తల జంటలు విడివిడిగా చెప్పాయి. హెన్ష్, షాలో మామూలు పరమాణువుల గురించి రాశారు. వైన్‌లాండ్, డెమెల్ట్ అయాన్ల గురించి రాశారు. లేజర్ రంగును అయాన్‌కు నచ్చే రంగు కంటే కాస్త ఎరుపు వైపు జరిపి ఉంచాలి. అప్పుడు డాప్లర్ ప్రభావం వల్ల, కాంతికి ఎదురు నడిచే అయానే దాన్ని ఎక్కువగా మింగుతుంది, మింగిన కొద్దీ నెమ్మదిస్తుంది, అంటే చల్లబడుతుంది. 1978లో ఇది నిజమైంది. బౌల్డర్‌లో మెగ్నీషియం అయాన్లు, హైడెల్‌బర్గ్‌లో బేరియం అయాన్లు చల్లబడ్డాయి.

మెగ్నీషియంలో ఎలక్ట్రాన్ పైకి ఎగిరితే మళ్లీ కిందికే దిగుతుంది. బేరియంలో అలా కాదు. దాని నీలికాంతి కంటికి కనిపించేదే, అప్పటి డై లేజర్లకు అందేదే. కానీ పై స్థాయికీ నేలకూ మధ్య డి అనే స్థాయి ఒకటి అటకలా ఉంది. సుమారు నాలుగుసార్లలో ఒకసారి ఎలక్ట్రాన్ అక్కడ పడుతుంది. దానంతట అది దిగాలంటే సగటున నిమిషానికి పైగా పడుతుంది. అంతసేపూ 493 నానోమీటర్ల నీలి లేజర్‌కూ ఆ అయాన్‌కూ సంబంధమే ఉండదు. 40,000 తాకిళ్లు కావలసిన చోట మూడు నాలుగింటికే పని ఆగిపోతుందన్నమాట.

అందుకే రెండో లేజర్ వచ్చింది. 650 నానోమీటర్ల ఎర్రటి కాంతితో ఎలక్ట్రాన్‌ను అటక మీద నుంచి మళ్లీ పై స్థాయికి పంపుతారు, నీలి లేజర్ ఆట కొనసాగుతుంది. నా దృష్టిలో ఈ కథకు నాయిక ఆ ఎర్ర లేజరే. అయితే అదీ సులువుగా లొంగలేదు. రెండు లేజర్లూ తమ తమ రంగుల నుంచి సరిగ్గా ఒకే మేరకు జరిగి ఉంటే, ఎలక్ట్రాన్ నేలనూ అటకనూ కలుపుకున్న ఒక మిశ్రమ స్థితిలోకి జారుకుంటుంది. అక్కడ రెండు కాంతుల ప్రభావాలూ ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. లేజర్లు రెండూ వెలుగుతూనే ఉన్నా అయాన్ చీకటిగా మారుతుంది, చల్లబడటం ఆగిపోతుంది. లేజర్ల రంగులను వేరువేరుగా జరపడం, తగిన అయస్కాంత క్షేత్రం పెట్టడం ఈ చిక్కుకు విరుగుడు.

1980లో హైడెల్‌బర్గ్ బృందం ఒకే ఒక్క బేరియం అయాన్‌ను ఉచ్చులో నిలిపి ఫోటో తీసింది. ఆ ఉచ్చుకు మూలం 1950లలో బాన్‌లో వోల్ఫ్‌గాంగ్ పౌల్ చేసిన పని.

ఇక్కడి నుంచి అటక పాత్ర మారింది. బేరియంలో దాని పక్కనే ఇంకో డి స్థాయి ఉంది. ఎర్ర లేజర్ దాన్ని తాకదు. అందులో పడిన ఎలక్ట్రాన్ సగటున 30 సెకన్లు ఉంటుంది. ఆ కాస్సేపూ అయాన్ వెలుగు ఆరిపోతుంది, తర్వాత ఒక్కసారిగా వెలుగుతుంది. ఒకే పరమాణువులో జరిగే క్వాంటం గెంతు ఇలా కళ్లముందుకు వచ్చింది. 1986లో సియాటిల్, హాంబర్గ్, బౌల్డర్ ప్రయోగశాలలు మూడూ దీన్ని చూపాయి. ఒక్క పరమాణువుతో ప్రయోగం ఎన్నటికీ ఉండదని 1952లో ష్రోడింగర్ అనుకున్నాడు. అది తప్పని తేలడానికి మూడున్నర దశాబ్దాలు కూడా పట్టలేదు.

చీకటి స్థితికీ ఉపయోగం దొరికింది. 2000లో మోరిజీ, ఎష్నర్, కైటెల్ ఒక ఉపాయం సూచించారు. అయాన్ కదలికను పెంచే కాంతిని అది మింగకుండా, తగ్గించే కాంతినే మింగేలా ఆ రద్దును అమర్చాలి. అదే ఏడాది ఇన్స్‌బ్రూక్‌లో ఒక కాల్షియం అయాన్‌ను ఇలా కంపనాల అట్టడుగు స్థితి దాకా దించారు. డాప్లర్ పద్ధతి ఒక్కటే అయితే అంత కిందికి తీసుకెళ్లలేదు.

ఇన్స్‌బ్రూక్ క్వాంటం కంప్యూటర్లలో కాల్షియం డి స్థాయి ఒకటి క్యూబిట్‌లో, అంటే క్వాంటం బిట్‌లో, సగం. ఎలక్ట్రాన్ అందులో ఉంటే ఒకటి, నేల మీద ఉంటే సున్నా అని రాసుకోవచ్చు. జవాబు చదవడానికి 397 నానోమీటర్ల లేజర్ వేస్తారు: అయాన్ వెలిగితే సున్నా, వెలగకపోతే ఒకటి.