అద్దం పోయిన కెమెరా: కొనే ముందు తెలియాల్సిన కథ

కెనన్ కంపెనీ 2023లో మొదటిసారి కెమెరా కొనేవాళ్ల కోసం రెండు మిర్రర్‌లెస్ కెమెరాలు తెచ్చింది. ఫిబ్రవరిలో ప్రకటించినది ఈఓఎస్ ఆర్50, మే నెలలో ప్రకటించినది ఈఓఎస్ ఆర్100. రెండింటిలోనూ 24 మెగాపిక్సెళ్ల సెన్సరే. దాని కొలతా ఒకటే: 22.3 మిల్లీమీటర్ల వెడల్పు, 14.9 మిల్లీమీటర్ల ఎత్తు. లెన్స్ బిగించే మౌంటు ఒకటే, బ్యాటరీ ఒకటే, కిట్‌లో ఇచ్చే 18-45 మి.మీ. లెన్సూ ఒకటే. బరువులో తేడా 20 గ్రాములకు లోపే. ధరలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా ఉంది. ఆ ఎక్కువ డబ్బు దేనికి ఇస్తున్నామో మెగాపిక్సెళ్ల లెక్క చూస్తే తెలియదు. ఈ యంత్రం ఏ అవయవాన్ని వదులుకుని పుట్టిందో, ఆ అవయవం చేసిన పని ఇప్పుడు ఎవరి మీద పడిందో తెలిస్తే అర్థమవుతుంది.

ఆ అవయవం అద్దం. ఫిల్ము రోజుల్లో అది లేకపోతే గడిచేది కాదు. ఫిల్ము వెలుగును ఒక్కసారే తాగుతుంది. ఫోటో తీయకముందు అది చీకట్లోనే ఉండాలి. మరి లెన్స్ ఏం చూస్తోందో ఫోటోగ్రాఫర్‌కు తెలిసేదెలా? పక్కన వేరే కిటికీ పెట్టి చూపిస్తే, ఆ కిటికీ చూసేదీ లెన్స్ చూసేదీ సరిగ్గా ఒకటి కావు. దగ్గరి వస్తువులకు ఆ తేడా మరీ ఎక్కువ. అందుకే ఫిల్ముకు ముందు 45 డిగ్రీల వాలుతో ఒక అద్దం నిలబెట్టారు. లెన్స్ నుంచి వచ్చే వెలుగు దాని మీద పడి పైకి మళ్లి గరుకు గాజు మీద బొమ్మగా నిలుస్తుంది. బటన్ నొక్కగానే అద్దం పైకి లేస్తుంది, వెలుగు ఫిల్మును చేరుతుంది. ఇంగ్లండుకు చెందిన థామస్ సటన్ ఈ పద్ధతికి 1861లోనే పేటెంట్ తీసుకున్నాడు. 35 మి.మీ. ఫిల్ముతో పనిచేసే కీనె ఎక్సాక్టా 1936లో జర్మనీలోని డ్రెస్డెన్ నుంచి వచ్చింది.

ఈ ఏర్పాటుకు ఇబ్బందులూ ఉండేవి. పైనుంచి తొంగి చూసే ఆ గాజులో కుడి ఎడమలు తారుమారయ్యేవి. నడిచే మనిషి ఎడమకు పోతుంటే బొమ్మలో కుడికి పోయేవాడు. 1949లో వచ్చిన కాంటాక్స్ ఎస్ అయిదు మూలల పట్టకాన్ని నెత్తిన పెట్టుకుని దాన్ని సరిచేసింది. కెమెరాల తల మీద నేటికీ కనిపించే ఆ మూపురం అక్కడిదే. రెండో చిక్కు ఇంకా విసుగు పుట్టించేది. ఫోటో తీశాక అద్దం పైనే ఉండిపోయేది. మళ్లీ ఫిల్ము తిప్పేదాకా వ్యూఫైండర్‌లో చీకటే. జపాన్‌లో అసాహి కంపెనీ 1954లో చేసిన అసాహిఫ్లెక్స్ 2బి అనే కెమెరాలో అద్దం లేచి, తనంతట తానే వెంటనే కిందికి వచ్చేది. తర్వాతి అర్ధశతాబ్దం పాటు పత్రికల వాళ్లు, పెళ్లిళ్ల ఫోటోగ్రాఫర్లు, అడవుల్లో తిరిగేవాళ్లు అందరూ వాడిన ఎస్ఎల్ఆర్ కెమెరాలన్నీ, అంటే ఈ అద్దపు కెమెరాలన్నీ, ఆ దారినే నడిచాయి.

1985లో మినోల్టా 7000 వచ్చాక ఈ అద్దం మీద మరో బరువు పడింది. దాని మధ్యభాగాన్ని కొంత వెలుగు లోపలికి పోనిచ్చేలా తయారుచేసి, వెనక చిన్న అద్దాన్ని తగిలించి, ఆ వెలుగును కెమెరా అడుగున ఉన్న ఫోకస్ పరికరానికి పంపారు. అది లెన్స్‌కు రెండు వైపుల నుంచి వచ్చే వెలుగును పోల్చి, ఫోకస్ ముందుకు తప్పిందా వెనక్కి తప్పిందా, ఎంత తప్పింది అనేది ఒక్క చూపులో తేల్చేది. అలా అద్దం రెండు పనులు చేసింది: మనిషికి చూపించడం, యంత్రానికి ఫోకస్ దొరికించడం. రెండింటినీ అద్భుతంగా చేసింది. ఆ కారణంగానే డిజిటల్ సెన్సర్లు వచ్చి ఫిల్మును సాగనంపాక కూడా అద్దం చాలా ఏళ్లు తన చోటు వదల్లేదు.

నిజానికి ఫిల్ముతోపాటే అద్దం అవసరమూ తీరిపోయింది. సెన్సర్ ఫిల్ములా ఒక్కసారి వాడి పారేసేది కాదు. సెకనుకు ఎన్నిసార్లయినా వెలుగును చదివి తెర మీద చూపించగలదు. డిజిటల్ ఎస్ఎల్ఆర్‌లలో లైవ్ వ్యూ, వీడియో వచ్చాక ఇది కళ్ల ముందే రుజువైంది. నికాన్ డి90 2008లో వీడియో తీయగల మొదటి డీఎస్ఎల్ఆర్‌గా వచ్చింది. అందులో వీడియో తీస్తున్నంతసేపూ అద్దం పైకి లేచి ఖాళీగా ఉంటుంది, పనంతా సెన్సరే చేస్తుంది. ఎప్పుడూ సెన్సరే చేస్తే సరిపోదా?

ఆ మాట అన్నవి అగ్రస్థానంలో ఉన్న కెనన్, నికాన్ కావు. 2008 ఆగస్టులో ఒలింపస్, పానసోనిక్ కలిసి మైక్రో ఫోర్ థర్డ్స్ అనే కొత్త పద్ధతిని ప్రకటించాయి. ఆ ఏడాదే పానసోనిక్ లుమిక్స్ జీ1 దుకాణాలకు వచ్చింది: లెన్సులు మార్చుకోవచ్చు, అద్దం లేదు, వ్యూఫైండర్‌లో గరుకు గాజుకు బదులు చిన్న ఎలక్ట్రానిక్ తెర. సోనీ 2010లో నెక్స్ కెమెరాలతో, 2013లో ఫుల్‌ఫ్రేమ్ (35 మి.మీ. ఫిల్ము ఫ్రేమంత సెన్సర్ ఉన్న) ఏ7తో ముందుకు దూకింది. కెనన్, నికాన్ ఫుల్‌ఫ్రేమ్ మిర్రర్‌లెస్‌లతో బరిలోకి దిగింది 2018లో. ఇప్పుడు ఈ రెండు కంపెనీలు తెచ్చే, లెన్సులు మార్చుకోగల కొత్త కెమెరాలన్నీ మిర్రర్‌లెస్‌లే. 1954లో అద్దాన్ని వెంటనే దిగేలా చేసిన అసాహి వారసత్వం పెంటాక్స్ పేరుతో రికో సంస్థ చేతికి వచ్చింది. ఇప్పటికీ అద్దాన్ని వదలకుండా పట్టుకున్నది ఆ పెంటాక్సే.

అద్దం తీసేయడం వల్ల చేతికి తెలిసే లాభం సైజు. అద్దం ఊగడానికి చోటు కావాలి కనుక కెనన్ పాత ఈఎఫ్ మౌంటులో లెన్స్ కూర్చునే అంచుకూ సెన్సర్‌కూ మధ్య 44 మి.మీ. ఉండేది. కొత్త ఆర్ఎఫ్ మౌంటులో అది 20 మి.మీ. ఇందులో కొనేవాళ్లకు పనికొచ్చే విషయం ఇంకొకటి దాగి ఉంది. మిగిలిన ఆ 24 మి.మీ. మందంతో ఒక అడాప్టర్ పెడితే పాత ఈఎఫ్ లెన్సులన్నీ ఆటోఫోకస్‌తో సహా ఆర్50, ఆర్100 రెండింటి మీదా పనిచేస్తాయి. ఇంట్లో పాత కెనన్ లెన్సులు ఉన్నవాళ్లు ఇది మరవకూడదు.

పోగొట్టుకున్నదీ ఉంది. గాజులోంచి చూడటానికి కరెంటు అక్కర్లేదు. నికాన్ డి3500 అనే చిన్న డీఎస్ఎల్ఆర్ ఒక్క చార్జింగ్‌తో 1550 ఫోటోలు తీసేదని కంపెనీ లెక్క. మిర్రర్‌లెస్‌లో చూస్తున్నంతసేపూ సెన్సర్, తెర, ప్రాసెసర్ మూడూ తింటూనే ఉంటాయి. ఈ తరగతి కెమెరాల లెక్క వందల్లోనే ఉంటుంది. రెండింటిలో ఏది కొన్నా అదనపు ఎల్‌పీ-ఈ17 బ్యాటరీ ధరను మొదటే కలుపుకోండి.

అసలు కష్టం ఫోకస్ దగ్గర వచ్చింది. అద్దంతోపాటే కెమెరా అడుగునున్న ఆ ఫోకస్ పరికరమూ పోయింది. మొదటి మిర్రర్‌లెస్‌లు కాంట్రాస్ట్ పద్ధతిని నమ్ముకున్నాయి. లెన్స్‌ను కొంచెం కదిపి, బొమ్మ అంచులు పదునెక్కాయా మసకబారాయా చూసి, మళ్లీ కదిపి, దాటిపోయాక వెనక్కి వచ్చే పద్ధతి అది. నిలబడ్డ మనిషికి చాలు. పరిగెత్తే పిల్లాడి మీద నిలవడం కష్టం. దీనికి మందు సెన్సర్‌లోనే దొరికింది. 2013లో కెనన్ 70డి కెమెరాతో డ్యూయల్ పిక్సెల్ అనే ఏర్పాటు వచ్చింది. సెన్సర్ మీది ప్రతి పిక్సెల్‌నూ ఎడమ, కుడి అని రెండుగా చీల్చారు. ముఖం ముందు వేలు నిలబెట్టి ఒక్కో కన్ను మూసి చూస్తే వేలు పక్కకు జరిగినట్లు కనిపిస్తుంది కదా, ఆ రెండు సగాలు చూసే బొమ్మలు కూడా ఫోకస్ తప్పినప్పుడు అలాగే పక్కలకు జరుగుతాయి. ఎటు, ఎంత జరిగాయో చూస్తే లెన్స్ ఎటు, ఎంత కదలాలో తెలుస్తుంది. పైగా కొలత బొమ్మ పడే చోటే జరుగుతుంది. అద్దం రోజుల్లో కొలిచే చోటు వేరు, బొమ్మ పడే చోటు వేరు. రెండూ వెంట్రుకవాసి తేడా పడ్డా కంటికి బదులు చెవి మీద ఫోకస్ కూర్చునేది.

అయితే ఇది ఊరికే జరగదు. సెన్సర్ వేగంగా చదవాలి, ప్రాసెసర్ వేగంగా లెక్కించాలి. ఆర్50, ఆర్100ల మధ్య డబ్బు తేడాలో పెద్ద భాగం ఇక్కడే ఉందని నా నమ్మకం.

ఆర్50లో డిజిక్ ఎక్స్ అనే ప్రాసెసర్ ఉంది. మనుషుల కళ్లనే కాక కుక్కలు, పిల్లులు, పక్షులు, వాహనాలను కూడా గుర్తుపట్టి వెంబడిస్తుంది. సెకనుకు 12 ఫోటోల దాకా, ఎలక్ట్రానిక్ షట్టర్‌తో అయితే 15 దాకా తీస్తుంది. ఆర్100లో ఉన్నది పాత తరం డిజిక్ 8. మనుషుల ముఖం, కళ్లు పట్టుకుంటుంది, అంతవరకూ బాగానే చేస్తుంది. వరసగా తీస్తే సెకనుకు 6.5 ఫోటోలు, కదిలేవాటి మీద ఫోకస్‌ను మార్చుకుంటూ తీస్తే 3.5కు పడిపోతుంది. పాఠశాల ఆటల పోటీల్లో ఈ తేడా కొట్టొచ్చినట్లు కనిపిస్తుంది. ఆర్50ని కూడా మరీ పొగడనక్కర్లేదు. రా ఫైళ్లు వరసగా తీస్తే సెకను తిరగకముందే దాని బఫర్ (కార్డుకు చేరేలోపు ఫోటోలను దాచే మెమరీ) నిండిపోతుంది.

వీడియోలో దూరం ఇంకా పెరుగుతుంది. ఆర్50 సెన్సర్ వెడల్పంతా వాడుకుని, ఎక్కువ వివరాలు చదివి, వాటిని కుదించి 4కె వీడియో ఇస్తుంది. డ్యూయల్ పిక్సెల్ ఫోకస్ కూడా నడుస్తూనే ఉంటుంది. ఆర్100 పెట్టె మీద కూడా 4కె అని రాసి ఉంటుంది. కానీ అది సెన్సర్ మధ్యభాగాన్ని మాత్రమే వాడుకుంటుంది. దాంతో దృశ్యం ఒకటిన్నర రెట్లకు పైగా దగ్గరకు వచ్చేస్తుంది. చిన్న గదిలో కుటుంబమంతటినీ పట్టించడం కష్టమైపోతుంది. పైగా 4కెలో డ్యూయల్ పిక్సెల్ పనిచేయదు, వెనకటి కాంట్రాస్ట్ పద్ధతికి దిగుతుంది. అంటే 2008 నాటి ఇబ్బంది 2023 కెమెరాలో, ఒక్క మోడ్‌లో, మిగిలే ఉంది. ఆర్100తో వీడియో తీసేవాళ్లు ఫుల్ హెచ్‌డీలో తీస్తే ఆ బాధ ఉండదు.

తెర సంగతి చిన్నదిగా కనిపిస్తుంది గానీ, నా లెక్కలో చాలా పెద్దది. అద్దం లేని కెమెరాలో తెర కూడా వ్యూఫైండరే. ఆర్50 తెర పక్కకు తెరుచుకుని ఎటైనా తిరుగుతుంది, వేలు పెట్టిన చోట ఫోకస్ కూర్చుంటుంది. నేల మీది ముగ్గును వంగకుండా పైనుంచి తీయొచ్చు, జాతరలో జనం తలల మీదుగా తీయొచ్చు. ఆర్100 తెర కదలదు, తాకితే పలకదు. ఫోన్‌తో పెరిగిన చేతికి ఇది మొదటి రోజే తెలుస్తుంది. కంటికి ఆనించి చూసే ఎలక్ట్రానిక్ వ్యూఫైండర్ మాత్రం రెండింటిలోనూ 23.6 లక్షల చుక్కలదే.

ఆర్50 కొనేవాళ్లు తెలుసుకోవాల్సినవి రెండున్నాయి. దాని నెత్తి మీది ఫ్లాష్ గూడు కొత్త రకం. కెనన్ పాత ఫ్లాష్‌లు తగిలించాలంటే ఏడీ-ఈ1 అనే అడాప్టర్ వేరే కొనాలి. రెండోది ఎలక్ట్రానిక్ షట్టర్. అందులో సెన్సర్ బొమ్మను పైనుంచి కిందికి వరసవరసగా చదువుతుంది. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది కనుక చాలా ఎల్ఈడీ దీపాలు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. పెళ్లి వేదిక మీద అలాంటి దీపాల కింద ఎలక్ట్రానిక్ షట్టర్‌తో వేగంగా తీస్తే ఫోటో మీద అడ్డచారలు పడే ప్రమాదం ఉంది. అక్కడ ఆ షట్టర్‌ను ఆపేసి, షట్టర్ వేగాన్ని 1/100 దగ్గర ఉంచితే చాలావరకు గట్టెక్కుతారు. వీడియోకు 1/50.

ఇక లెన్స్. కిట్ లెన్స్ 45 మి.మీ. దగ్గర తెరుచుకునేది ఎఫ్6.3 వరకే. ఆర్ఎఫ్ 50 మి.మీ. లెన్స్ ఎఫ్1.8 వరకు తెరుచుకుంటుంది. అంటే సుమారు 12 రెట్లు ఎక్కువ వెలుగు. ఈ రెండు బాడీల మధ్య ఉన్న ఏ తేడా కూడా గుడి మంటపంలోని మసక వెలుగులో తీసిన ఫోటోను అంతగా మార్చలేదు. రెండు కెమెరాల్లోనూ సెన్సర్‌ను కదిపి చేతి వణుకును ఆపే ఏర్పాటు లేదు కనుక వెలుగు తక్కువైన చోట ఈ లెక్క ఇంకా ముఖ్యం. సోనీ తన ఈ-మౌంటు వివరాలను ఇతర కంపెనీలకు 2011లోనే ఇచ్చింది, అందుకే అటువైపు చవకైన మంచి లెన్సులు చాలా ఉన్నాయి. కెనన్ ఆర్ఎఫ్ మౌంటుకు సిగ్మా, టామ్రాన్ ఆటోఫోకస్ లెన్సులు ప్రకటించింది 2024లో. ఈ ఒక్క విషయంలో కెనన్ ఆలస్యం చేసిందనే అంటాను.

నా తీర్పు ఇది. పిల్లల ఆటలు, పెంపుడు జంతువులు, వీడియోలు మీ ఉద్దేశంలో ఉంటే డబ్బు కూడబెట్టుకుని ఆర్50 తీసుకోండి. నిదానంగా మనుషుల బొమ్మలు, ఊళ్లు, కట్టడాలు తీస్తూ ఫోటోగ్రఫీ నేర్చుకోవాలనుకునేవాళ్లకు ఆర్100 చాలు; మిగిలిన డబ్బును 50 మి.మీ. ఎఫ్1.8 లెన్స్ మీద పెట్టండి. ఏది తీసుకున్నా, మీ మెమరీ కార్డు జేబులో పెట్టుకుని షాపుకు వెళ్లండి. రెండు కెమెరాలతోనూ షాపులో నడుస్తున్న మనిషిని తీయండి, 4కెలో ఒక నిమిషం వీడియో తీయండి, ఇంటికొచ్చి పెద్ద తెర మీద చూసుకున్నాకే డబ్బు కట్టండి.