రక్తం ఉతికే నూలు

కన్నడంలో మడివాళ అంటే చాకలి. బెంగళూరులో ఆ పేరున్న పేట మాత్రం తెలుగువారికి రాత్రిపూట ఊరి బస్సెక్కే చోటుగానే ఎక్కువ తెలుసు. మూత్రపిండాలు చెడినవారికి ఆ బస్సు తేలిక కాదు. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి సుమారు నాలుగు గంటలు యంత్రం పక్కన పడుకోవలసినవారి ప్రయాణం రెండు డయాలసిస్‌ల నడుమే ముగియాలి. నిమిషానికి 500 మిల్లీలీటర్ల చొప్పున శుద్ధిద్రవం నడిస్తే ఒక్క విడతకే 120 లీటర్లు ఖర్చవుతుంది. నీరూ కరెంటూ లేని చోట రక్తాన్ని ఉతకడం ఎలా?

జపాన్‌లోని సుకుబాలో ఉన్న జాతీయ పదార్థ విజ్ఞాన సంస్థ (పొట్టి పేరు నిమ్స్ అయినా హైదరాబాదు ఆసుపత్రితో సంబంధం లేదు) నుంచి మిత్సుహిరో ఎబారా బృందం 2014లో ప్రచురించిన పత్రం ఇందుకొక దారి చూపింది. అల్యూమినియం, సిలికాన్, ఆక్సిజన్‌లతో ఏర్పడి ఒళ్లంతా అతి సూక్ష్మ రంధ్రాలుండే జియోలైట్ అనే స్ఫటికం, కండరాల వ్యర్థమైన క్రియాటినిన్‌ను తనలో పట్టి ఉంచుతుంది. అయితే పొడిని నేరుగా రక్తంలో కలపడం కుదరదు కనుక, రక్తానికి హాని చేయని ఇథిలీన్ వినైల్ ఆల్కహాల్ పాలిమర్ ద్రావణంలో దానిని కలిపి, అధిక వోల్టేజీతో సూది మొన నుంచి సన్నని పోగులుగా లాగి వలగా పరిచారు. ఎలక్ట్రోస్పిన్నింగ్ అంటే ఇదే.

16 గ్రాముల వల ఒక రోజు క్రియాటినిన్ అంతటినీ పట్టగలదని సంస్థ ప్రకటించింది. అంతకన్నా నమ్మదగినది పత్రంలోని మరో అంకె: పోగులో ఒదిగిన జియోలైట్, విడి జియోలైట్ పట్టేదానిలో 67 శాతమే పట్టింది, ఎందుకంటే దానిని కాపాడే పాలిమరే క్రియాటినిన్‌కు అడ్డుగోడ అయింది. మూడోవంతు నష్టాన్ని దాచకుండా రాసిన పత్రంపై గౌరవం కలుగుతుంది, ప్రకటనపై అనుమానం మిగులుతుంది. క్రియాటినిన్ ప్రధానంగా జబ్బు తీవ్రతను చెప్పే కొలత; రోజుకు పది గ్రాములకు పైగా పుట్టే యూరియా, ఒంట్లో నిలిచిపోయే నీరు దానితోపాటు పోవు. చేతికి కట్టుకునే పరికరమన్నది ఆ బృందం ఆశయం. డయాలసిస్ చేయించుకుంటున్నవారు దానిని నమ్మి ఒక్క విడత కూడా మానరాదు.

 

ఉద్దానం సంగతి

మూత్రపిండాల జబ్బు విస్తృతంగా ఉండి, ఇలాంటి వల అవసరం ఎక్కువగా ఉన్న తెలుగునేల శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. అక్కడి జబ్బుకు మూలకారణం మాత్రం ఇంకా తేలలేదు.