కృష్ణా డెల్టా మడ నేలల్లో కర్బన నిల్వలు – రొయ్యల చెరువుల ప్రభావం

విజయవాడ వద్ద ప్రకాశం బ్యారేజీని దాటిన కృష్ణానది పులిగడ్డ వద్ద పాయలుగా చీలి, దివిసీమను ఒరుసుకొంటూ సముద్రంలో కలుస్తుంది. ఆ ముఖద్వారాల వద్ద నాగాయలంక, కోడూరు మొదలుకొని నిజాంపట్నం వరకు మడ అడవులు విస్తరించి ఉన్నాయి. ఇందులో సుమారు 195 చదరపు కిలోమీటర్ల ప్రాంతం కృష్ణా వన్యప్రాణి అభయారణ్యంగా రక్షణ పొందుతున్నది. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను చవిచూసిన తీరవాసులకు మడచెట్ల విలువ తెలియనిది కాదు. అయితే ఈ అడవి సంపదలో అధిక భాగం చెట్లలో కాక, వాటి కింది బురదలో దాగి ఉంది.

ఆటుపోట్లకు నిరంతరం మునిగి తేలే ఈ నేలలో ప్రాణవాయువు అత్యల్పం. అందువలన రాలిన ఆకులు, చచ్చిన వేర్లు, నది తెచ్చిన ఒండ్రుతో పాటు పొరలుగా పేరుకొని, చాలా నెమ్మదిగా కుళ్ళుతాయి. ఇండో-పసిఫిక్ ప్రాంతంలోని 25 మడ అడవులను పరిశీలించి డొనాటో బృందం 2011లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, హెక్టారుకు సగటున 1,023 టన్నుల కర్బనం నిల్వ ఉంది. అందులో 49 నుండి 98 శాతం నేలలోనిదే.

రొయ్యల చెరువు తవ్వినప్పుడు ఈ సమతుల్యం మూడు విధాలుగా చెడుతుంది. మొదటిది, పై పొరలను తవ్వి గట్లుగా పోయడం వలన శతాబ్దాల సేంద్రియ పదార్థం గాలికి గురై బొగ్గుపులుసు వాయువుగా మారుతుంది. రెండవది, గట్లు ఆటుపోట్లను అడ్డుకొనడంతో కొత్త ఒండ్రు, ఆకుల చేరిక నిలిచిపోతుంది. మూడవది, పంటకు పంటకు మధ్య చెరువును ఎండబెట్టి దున్నినప్పుడల్లా మిగిలిన కర్బనం తరుగుతుంది. నేలలోని పైరైట్ గాలి సోకి గంధకికామ్లంగా మారితే ఉదజని సూచిక పడిపోయి, రైతుకు సున్నం ఖర్చు పెరుగుతుంది. ఆ సున్నం ఆమ్లంతో చర్య జరిపి మళ్ళీ బొగ్గుపులుసు వాయువునే వెలువరిస్తుంది.

డొమినికన్ రిపబ్లిక్‌లో కాఫ్‌మన్ బృందం జరిపిన అధ్యయనంలో మడ అడవుల్లో హెక్టారుకు సగటున 853 టన్నులున్న కర్బనం, వదిలివేసిన రొయ్యల చెరువుల్లో 95 టన్నులు మాత్రమే ఉన్నట్లు తేలింది. ఈ అంకెలను మన డెల్టాకు యథాతథంగా అన్వయించరాదు. ఒండ్రు స్వభావం, మంచినీటి రాక ఇక్కడ వేరు. పైగా మన చెరువులలో చాలా భాగం ఒకప్పటి వరిచేలు, చౌడు భూములు. కనుక ప్రతి చెరువునూ ఒకే గాటన కట్టడం శాస్త్రీయం కాదు.

ఇక్కడ కొలిచే పద్ధతి కీలకం. పంటభూములకు తీసే 15 సెంటీమీటర్ల మట్టి నమూనా మడ నేలకు చాలదు. చెరువు అడుగున మేత, రెట్టలతో ఏర్పడిన బురదలో కర్బన శాతం ఎక్కువగా కనిపించి, కింది పొరల నష్టాన్ని కప్పిపుచ్చవచ్చు. కనీసం ఒక మీటరు లోతు వరకు పొరల వారీగా కర్బన శాతాన్ని, స్థూల సాంద్రతను కొలవాలి. ఉదాహరణకు, ఘనపు మీటరుకు ఒక టన్ను సాంద్రత, 2 శాతం కర్బనం గల నేలలో మీటరు లోతుకు హెక్టారుకు 200 టన్నుల కర్బనం ఉంటుంది. అదంతా వెలువడితే సుమారు 734 టన్నుల బొగ్గుపులుసు వాయువుతో సమానం.

మడ భూములను చెరువులుగా మార్చరాదని తీరప్రాంత ఆక్వాకల్చర్ మార్గదర్శకాలు స్పష్టం చేస్తున్నాయి. తీరప్రాంత రొయ్యల చెరువులపై 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు కూడా కఠిన ఆంక్షలు విధించింది. తెల్లమచ్చ వ్యాధి తాకిడికి రైతులు వదిలివేసిన చెరువులున్న చోట గట్లకు గండ్లు కొట్టి ఆటుపోట్లను తిరిగి రానివ్వడం తొలి చికిత్స. చేపముల్లు ఆకారపు కాలువలు తవ్వి మడను పునరుద్ధరించిన అనుభవం మన రాష్ట్రానికి ఉంది. చెట్లు కొన్నేళ్ళలో ఎదుగుతాయి. నేల కోల్పోయిన కర్బనం చేరడానికి దశాబ్దాలు పడుతుంది. కాబట్టి ఉన్న మడను నిలుపుకొనడమే అన్నిటికంటే చౌకైన మార్గం.